గుమ్మటం మీద బరకం

మైపాడు,
నెల్లూరు తీరం.

ప్రియమైన పాఠక మిత్రులకు,

పైపులను త్రికోణాలుగా కలిపి నిలబెట్టే గుమ్మటం, అంటే జియోడెసిక్ డోము కట్టుకోవడం గురించి రాసిన దగ్గర్నుంచి మీ ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క సంగతే అడుగుతున్నాయి. పైపులు కోసి, చివర్లు నలగ్గొట్టి, బోల్టులు బిగించి గుమ్మటం నిలబెట్టాం; వానకు దాని మీద ఏం కప్పాలి, ఎలా కప్పాలి? అడగవలసిన ప్రశ్నే. చట్రం లెక్క ప్రకారం నడుస్తుంది, కొలత తప్పకపోతే నిలబడుతుంది. కప్పు సంగతి వేరు. దానికి ఎండ తెలియాలి, గాలి తెలియాలి, మన ఊరికి వాన ఎటునుంచి వస్తుందో తెలియాలి. నెల్లూరు తీరానికి ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అదీ నిలువుగా పడదు. సముద్రం మీంచి ఈశాన్యపు గాలి తోసుకొచ్చి అడ్డంగా కొడుతుంది. అందుకని ఈసారి ఉత్తరమంతా కప్పుకే కేటాయిస్తున్నాను.

గుమ్మటాలు కారడం కొత్తేమీ కాదు. అమెరికాలో డియర్‌బోర్న్ అనే ఊళ్లో ఫోర్డ్ కంపెనీకి రోటుండా అని ఒక ప్రదర్శనశాల ఉండేది. దాని మధ్యలో పైకప్పు లేని గుండ్రటి ఆవరణ. 1953లో కంపెనీ యాభయ్యేళ్ల పండగకు ఆ ఆవరణను కప్పించాలనుకున్నారు. మామూలు ఉక్కు కప్పు వేస్తే ఆ గోడలు మోయలేవు. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 93 అడుగుల వెడల్పు గుమ్మటాన్ని అల్యూమినియం కడ్డీలతో ఎనిమిదిన్నర టన్నుల్లో కట్టి చూపించారు. మరుసటి ఏడు, 1954లో, జియోడెసిక్ డోముకు ఆయనకు పేటెంటు వచ్చింది. నిజానికి అలాంటి చట్రాన్ని 1920ల్లోనే జర్మనీలోని యేనాలో వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ ప్లానెటేరియం కోసం కట్టారు; ఊరూరా తెలిసేలా చేసింది మాత్రం ఫుల్లరే. అంత గొప్ప రోటుండా కప్పు కూడా కారేది. 1962 నవంబరు 9న, నీరు దిగకుండా దాని మీద పూత పని జరుగుతుండగా మంటలు లేచి భవనం మొత్తం కాలిపోయింది. ఆ తర్వాత లాయిడ్ కాన్ అనే రచయిత 1970, 1971 సంవత్సరాల్లో డోముల మీద రెండు పుస్తకాలు వేసి ఎంతోమందిని ఆ పనిలోకి దింపారు. కొన్నేళ్లు వాటిలో బతికి చూశాక, ఇళ్లుగా ఇవి సరిపడవని తానే బహిరంగంగా చెప్పి, బాగా అమ్ముడవుతున్న పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయడం మానేశారు. ఆయన చెప్పిన కారణాల్లో కారడం ఒకటి. అంత నిజాయతీగా మాట వెనక్కి తీసుకున్న రచయితలు అరుదు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

ఎందుకు కారుతుందో ముందు చూద్దాం. మామూలు ఇంటికి గోడ వేరు, కప్పు వేరు. గుమ్మటానికి ఆ తేడా లేదు, నేల నుంచి శిఖరం దాకా అంతా కప్పే. మనం ఇక్కడ లెక్కకు తీసుకుంటున్న 4 మీటర్ల వెడల్పు డోములో 65 పైపు ముక్కలు, 26 కూడళ్లు, 40 త్రికోణాలు. ఒక్కో త్రికోణానికి ఒక్కో పలక బిగించి, మధ్య సందుల్లో సిలికాన్ పూస్తే ప్రతి పైపు మీదా ఒక అతుకు ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు ఇనుము సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 1.2 మీటర్ల పైపు 30 డిగ్రీల తేడాకు సాగేది అర మిల్లీమీటరు లోపే. కానీ రోజూ, అన్ని అతుకుల దగ్గరా ఆ కదలిక ఉంటుంది. ఉప్పుగాలికి, ఎండకు బిరుసెక్కిన పూత ఆ కదలికకు ఎక్కడో ఒకచోట పగులుతుంది. కారే చోటు లోపల ఒకటి, నీరు దూరే చోటు పైన ఇంకొకటి. పైపు వెంట పారి ఎక్కడో చుక్క పడుతుంది కాబట్టి వెతికి పట్టుకోవడం కూడా కష్టమే. శ్రీహరికోటలో తుపాన్లను కనిపెట్టే డాప్లర్ రాడార్ మీద ఉండే తెల్లటి గుండ్రటి తొడుగు లాంటివి ఫ్యాక్టరీల్లో అచ్చుపోసిన పలకలతో తయారవుతాయి. ఆ పని ఇంటి దగ్గర మన చేతుల్లో అయ్యేది కాదు.

మన చేతుల్లో అయ్యే పని మన తీరంలోనే ఉంది. తాటాకు కప్పేవాళ్లను గమనించండి. ఆకు నిండా సందులే. ఏ ఆకునూ ఇంకో ఆకుకు అతికించరు. అయినా సరిగ్గా కప్పిన ఇల్లు ముసురు పట్టినా కారదు. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు, పై వరస కింది వరస మీద పడుతుంది, పైన పడ్డ నీరు ప్రతి చోటా కింది ఆకు వీపు మీదికే జారుతుంది. తీరం వెంట చుట్టిళ్లు కట్టినవాళ్లు గుండ్రటి కప్పుకూ ఇదే చేశారు. వంగి దూరాల్సినంత పొట్టిగా, గుండ్రంగా యానాదులు వేసుకున్న గుడిసెలూ అంతే. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, డోముకు ఇంట్లో చేసుకునే కప్పు ఈ పద్ధతిలోనే ఉండాలి. అతుకు మీద ఆధారపడకూడదు, పొర మీద పొర పడాలి. మా జాలర్ల పల్లె పట్టపుపాళెంలో ఆకు కప్పే పెద్దాయనను సలహా అడిగితే ఆయన డోము చుట్టూ తిరిగి చూసి, "నాయనా, గాలి ఎటునుంచి కొడతదో ముందు చూసుకో, గుడ్డ సంగతి తర్వాత" అన్నాడు. ఆయన మాట మీదే ఈ పద్ధతి నడిచింది.

డోమును పక్క నుంచి చూడండి, మూడు వరసలు కనిపిస్తాయి. నేల నుంచి దాదాపు మీటరు ఎత్తు దాకా 20 త్రికోణాలు. అక్కణ్ణుంచి 1.70 మీటర్ల దాకా 15. ఆ పైన, శిఖరం చుట్టూ 5. కాబట్టి కప్పును కూడా మూడు ముక్కలుగా చేసుకోవాలి. ముందు కింది పావడా, దాని మీద పడేలా మధ్య పట్టీ, దాని మీద పడేలా టోపీ. పైది కిందిదాని మీదికి కనీసం జానెడు దిగాలి. ఎందుకు జానెడు అంటే, గాలి నీటిని పైకి కూడా నెడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాని ఒత్తిడికి నీరు నిలువునా ఒక సెంటీమీటరు ఎక్కగలదు. గాలి 100 కిలోమీటర్లకు చేరితే ఆ ఎత్తు దాదాపు 5 సెంటీమీటర్లు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కదా. జానెడు మడత ఉంటే ఏటవాలు మీద కూడా ఆ నీరు లోపలికి చేరలేదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సింది టోపీ. పక్కలు నిటారుగా ఉంటాయి, నీరు నిలవదు. శిఖరం దగ్గర వాలు 20 డిగ్రీల లోపే. ఎండ పడేదీ అక్కడే ఎక్కువ. అందుకని టోపీలో ఒక్క కుట్టు కూడా ఉండకూడదు. 2.65 మీటర్ల చదరం ముక్క ఒకటి చాలు. అయితే ఒక చిక్కుంది. శిఖరం దగ్గర కలిసే ఐదు త్రికోణాల కోణాలు కూడితే 344 డిగ్రీలే వస్తాయి, నేల మీద పరిచిన గుడ్డకు 360 ఉంటాయి. మిగిలిన 16 డిగ్రీల గుడ్డ ఎక్కడికో పోవాలి. అంచు దగ్గర అది జానెడున్నర వెడల్పు. దాన్ని కోసి కుడితే శిఖరం నుంచి అంచు దాకా నీటికి దారి ఇచ్చినట్టే. కోయకండి. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు ఒకే మడతగా పట్టి, ఆ మడత నైరుతి వైపు వచ్చేలా తిప్పి, అంచు దగ్గర మాత్రం రెండు కుట్లు వేయండి. ఈశాన్యం నుంచి వచ్చే జల్లు మడతకు వీపు వైపే తగులుతుంది. తలుపు కూడా అటే, నైరుతి వైపే పెట్టుకోవాలి.

గుడ్డ ఎంత కావాలంటే, త్రికోణాలన్నీ కలిపితే 23 చదరపు మీటర్ల పైచిలుకు. మడతలకూ తరుగుకూ కలిపి 35 చదరపు మీటర్లు తెచ్చుకోండి. త్రికోణాలు విడివిడిగా కోసి కుట్టవద్దు. పాత దినపత్రికలు అతికించి, చట్రం మీదే చుట్టి, బొగ్గుతో గీత గీసి, ఆ కాగితం కొలతకు పట్టీలు కోసుకుంటే సరిపోతుంది. కుట్టు పనికి ఆటో టాపులు, సీట్లు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్ల మిషను మందపాటి రెగ్జిను మీద నడిచేది. రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసల కుట్టు వేయమంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ నిలువు కుట్ల మడతలు కూడా గాలి వచ్చే వైపుకు నోరు తెరవకూడదు, అది మాత్రం దగ్గరుండి చెప్పాలి. సూది పడ్డ ప్రతి చోటా బెజ్జం ఉంటుంది. వెనకటి మసూలా పడవలను మేకు లేకుండా పలకకు పలక కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. ఆ కుట్టు కింద గడ్డి, పీచు దట్టించేవాళ్లు. నీరు తగిలితే అది ఉబ్బి బెజ్జాన్ని మూసేది, అలల దెబ్బకు పడవ వంగినా విరిగేది కాదు. లారీల మీద కప్పే నూలు పట్టాను నూలు దారంతో కుడితే ఇప్పటికీ అలాగే తడికి దారం ఉబ్బి బెజ్జం పూడుతుంది. ప్లాస్టిక్ గుడ్డకు ఆ గుణం లేదు. దాని కుట్టు మీద మైనం రుద్ది వేడి చెంచాతో కరిగించడం ఒక్కటే తేలిక దారి.

ఏ గుడ్డ కొనాలన్నది చాలామంది అడిగారు. వడ్లు ఆరబోసే బరకం అందరికీ దొరుకుతుంది, చవక. కానీ పల్చటి నీలం బరకం మన ఎండకు ఎక్కువ కాలం ఆగదు, దారాలు పొడిపొడిగా రాలిపోతాయి. కొంటే మందం చూసి, చదరపు మీటరుకు 250 గ్రాములకు తగ్గకుండా కొనండి. ఫ్లెక్సు బ్యానర్లు ఊరూరా పడి ఉంటాయి. పది అడుగుల వెడల్పులో దొరుకుతాయి, నీటిని అసలు పీల్చవు, ఉప్పుగాలి వాటిని ఏమీ చేయదు. ఎండకు బిరుసెక్కి మడత దగ్గర చిట్లడం ఒక్కటే వాటి లోపం. అందుకని ఫ్లెక్సును మడత తక్కువగా ఉండే కింది పావడాకు వాడండి. రొయ్యల గుంటల్లో పరిచే నల్ల షీటు వీటన్నిటికంటే ఎక్కువ కాలం వస్తుంది, అందులో కలిపే కార్బన్ ఎండను తట్టుకుంటుంది. అర మిల్లీమీటరు మందం షీటు చదరపు మీటరుకు అర కిలో లోపే తూగుతుంది. కాకపోతే దానికి ఏ జిగురూ అంటదు, వేడితోనే అతకాలి. గుంటలకు షీటు వేసే కుర్రాళ్ల దగ్గర ఆ వేడిగాలి మిషను ఉంటుంది, ఎక్కడైనా పని నడుస్తుంటే పట్టీలు పట్టుకెళ్లి అతికించుకోవచ్చు. నల్లగా ఉంటుంది కాబట్టి మే నెలలో లోపల కూర్చోలేరు, అదొకటి ఆలోచించుకోవాలి. నన్నడిగితే పావడాకు ఫ్లెక్సు, మధ్య పట్టీకి లారీ పట్టా, టోపీకి కొత్త మందపాటి బరకం రెండు పొరలు. మూడు ముక్కలు విడిగా ఉండడంలో ఉన్న సుఖం ఇక్కడే తెలుస్తుంది. ఏటా దసరా నాటికి టోపీ ఒక్కటే మార్చుకుంటే చాలు, మిగతావాటిని కదిలించే పని లేదు.

గుడ్డ చిరగడం చాలాసార్లు రాపిడితోనే మొదలవుతుంది. గాలికి గుడ్డ కొట్టుకుంటూ ఉంటే బోల్టు తల దాన్ని రోజూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. బోల్టు తలలు లోపలి వైపు ఉండేలా బిగించుకోండి. అయినా ప్రతి కూడలి మీదా పాత సైకిలు ట్యూబు ముక్క పెట్టి నైలాను దారంతో చుట్టండి. తాళ్లు కట్టడానికి ఇనప ఐలెట్లు కొట్టించకండి, తీరంలో అవి తుప్పు పట్టి, చుట్టూ ఉన్న గుడ్డను కూడా తినేస్తాయి. పిల్లలు ఆడుకునే గోలీని గుడ్డ అంచులో లోపలి వైపు నుంచి పెట్టి, బయటి నుంచి గుడ్డతో సహా మెడ దగ్గర తాడు బిగించండి. బెజ్జం అక్కర్లేదు, ఎంత లాగినా తాడు జారదు. గోలీ నునుపు కాబట్టి గుడ్డా కోసుకోదు.

ఇక గాలి. కప్పు వేసిన డోమును గాలి పక్కకు తోయడమే కాదు, మీదుగా పోతూ పైకి కూడా లాగుతుంది. 100 కిలోమీటర్ల గాలికి మన 4 మీటర్ల డోమును పైకి లాగే బలం కొన్ని వందల కిలోలకు చేరుతుంది. చట్రం, గుడ్డ కలిపినా అంత బరువు ఉండవు. గుడ్డకున్న తాళ్లే ఆ బలమంతా మోయాలంటే ఎక్కడో ఒక మూల చిరుగుతుంది. దీనికి కూడా పాళెంలోనే మార్గం ఉంది. పూరింటి మీద పాత వల పరిచి, చుట్టూ తాళ్లతో కిందికి లాగి కడతారు, చూసే ఉంటారు. డోము మీద కూడా మూడు వరసలూ కప్పాక పైన పాత వల వేసి, తాళ్లన్నీ వలకే కట్టండి. లాగుడంతా వల సమంగా పంచుకుంటుంది, గుడ్డ నీటిని ఆపే పని మాత్రం చూసుకుంటుంది, కొట్టుకోవడం కూడా ఆగిపోతుంది. వలను పైపులకు కట్టి ఊరుకోకండి, నేలకు కట్టాలి. ఇసుకలో మేకులు ఆగవు. సిమెంటు బస్తాల్లో ఇసుక నింపి, మూతి కట్టి, మోకాలి లోతుకు తగ్గకుండా నేలను ఆనే పది కూడళ్ల దగ్గరా పాతిపెట్టి, వాటికి తాడు ముందే కట్టి పైకి తెచ్చుకోండి. పైన పడ్డ ఇసుక బరువు కూడా మనకు కలిసొస్తుంది. వల కోసం కొనాల్సిన పని లేదు. తీరం పొడవునా చిరిగి వదిలేసిన వలలు ఉంటాయి. చలికాలం దాటుతుండగా గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అలాంటి వలల్లో చిక్కుకుని చచ్చిపోతున్నాయి. ఒక్క వల ఒడ్డు నుంచి తీసి ఇంటికి తెచ్చుకున్నా ఆ మూగజీవాలకు మేలే.

తెల్లవారుజామున లోపల చుక్కలు రాలితే వెంటనే కప్పు విప్పకండి. వాన లేని రోజు కూడా రాలుతుంటే అది ఊపిరి తేమ, నేల తేమ ప్లాస్టిక్‌కు తగిలి చెమ్మగిల్లడమే. నైరుతి వైపు రెండు కూడళ్ల దగ్గర టోపీ అంచు కింద కొబ్బరి పీచు ఉండలు పెట్టి కాస్త ఎత్తి ఉంచితే వేడిగాలి బయటికి పోతుంది, చెమ్మ తగ్గుతుంది. వాన గట్టిగా పట్టినప్పుడు ఉండలు తీసేయవచ్చు. ఈ గుడ్డలన్నీ నిప్పంటుకునేవే కాబట్టి లోపల పొయ్యీ, కిరసనాయిలు దీపం పెట్టకూడదు. మాంట్రియల్‌లో 1967 ఎక్స్‌పోకు కట్టిన ఫుల్లర్ గుమ్మటానికి 1976 మే నెలలో మరమ్మతు పనిలో నిప్పంటుకుని, పైనున్న యాక్రిలిక్ తొడుగు మొత్తం కాలిపోయింది. ఉక్కు చట్రం మాత్రం నిలిచింది, ఇప్పటికీ ఉంది.

ఆ చట్రం సంగతి ఇంకొకందుకు కూడా చెప్పాను. తుపాను హెచ్చరిక వచ్చిందంటే, కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారని విన్నారంటే, డోము కప్పు విప్పేయండి. ముందు వల, తర్వాత టోపీ, పట్టీ, పావడా. చట్రం ఒక్కటే ఉంటే గాలి మధ్య నుంచి వెళ్లిపోతుంది, నష్టం తక్కువ. నైరుతికి తలుపు పెట్టాం కదా, ఫరవాలేదని అనుకోవద్దు. తుపాను మనకు దక్షిణంగా తీరం దాటితే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంది. మనకు ఉత్తరంగా దాటితే వాయవ్యానికి, పడమరకు, నైరుతికి తిరిగి సరిగ్గా తలుపు మీదే కొడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆ వేగానికి ఇంటి దగ్గర కుట్టిన ఏ గుడ్డా ఆగదు, ఆగుతుందని నేను ఎవరికీ చెప్పను. ఆ రాత్రి మనుషులు ఉండాల్సింది తుపాను షెల్టర్లో, లేదంటే గట్టి మిద్దెలో. డోములో ఒక్కరు కూడా ఉండకూడదు. విప్పిన గుడ్డలు తడిగా మడిచి పెట్టకండి, ముఖ్యంగా లారీ పట్టా. ఉప్పు తడితో మడిచిన నూలు కొద్ది రోజుల్లోనే పుచ్చిపోతుంది. తుపాను వెళ్లాక మంచినీళ్లతో కడిగి, రెండు పక్కలా ఆరబెట్టి, అప్పుడు మళ్లీ కింది నుంచి పైకి కప్పుకోవాలి.

వేరే వెడల్పుతో డోము కట్టుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండే. వెడల్పులో సగాన్ని 0.618తో గుణిస్తే పొడుగు పైపు, 0.5465తో గుణిస్తే పొట్టి పైపు. పొడుగువి 35, పొట్టివి 30. ఇవి బోల్టు బెజ్జం నుంచి బెజ్జానికి కొలతలు. చివర్లు నలగ్గొట్టడానికి కావలసింది అదనంగా కలుపుకోండి. టోపీ ముక్కకు పొట్టి పైపు రెండింతల పొడవు తీసుకుని, నాలుగు వైపులా జానెడు కలిపితే సరిగ్గా వస్తుంది.

చివరగా మీ నుంచి నాకొక సాయం కావాలి. చుట్టిల్లు కొసన ఆకులన్నీ కలిసే చోటును ముగించడం ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా ఉంటుంది. కొందరు మట్టికుండ బోర్లిస్తారు, కొందరు గడ్డి మోపు తిప్పి కడతారు. కుండ బోర్లించే పద్ధతిలో వేడిగాలి బయటికి పోయేందుకు సందు వదులుతారా, వదిలితే జల్లు లోపలికి రాకుండా ఏం చేస్తారు అన్నది నాకు వివరంగా కావాలి. ఇస్కపల్లి, తుమ్మలపెంట, కోడూరు వైపు వాళ్లు ఎవరైనా ఆకు కప్పే పెద్దవాళ్లను అడిగి, వీలైతే చిన్న బొమ్మ గీసి పంపండి. వచ్చే దసరాకు మార్చబోయే టోపీ దాని ప్రకారమే కుట్టించాలని ఉంది.

ఉంటాను,
మీ మైపాడు మిత్రుడు